కొత్తగా మంగలి కత్తి నేర్చుకునేవాళ్లు మొదట పట్టాల్సింది సానపట్టే కత్తా, బ్లేడు మార్చే కత్తా?

కొత్తచేయి:
అందరికీ నమస్కారం. మంగలి కత్తితో సొంతంగా గడ్డం గీసుకోవడం నేర్చుకుంటున్నాను. ఇప్పటికి ఐదుసార్లు గీసుకున్నాను. నాది సానపట్టుకునే మడత కత్తి. అలుగు వెడల్పు 6/8 అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. కొస గుండ్రంగా ఉంటుంది.

మొదటి రెండుసార్లు బుగ్గలు మాత్రం దీంతో గీసి, గడ్డం కింద, పై పెదవి మీద సేఫ్టీ రేజర్‌తో ముగించాను. భయపడినంత ఏమీ కాలేదు. మూడోసారి నుంచి కత్తి వెంట్రుకల్ని తెంపకుండా లాగుతోంది. నాలుగోసారి మెడ దాకా వెళ్లాను, దవడ కింద మూడు గాట్లు పడ్డాయి. ఐదోసారి మెడంతా మంటపుట్టి సగంలో ఆపేశాను.

నాకు తెలిసినవాళ్లలో ఇద్దరు ఏళ్ల తరబడి కత్తితోనే గీసుకుంటున్నారు. ఒకాయన "అది పక్కన పెట్టి బ్లేడు మార్చే కత్తి పట్టు, చేయి తిరిగాక దీని దగ్గరికి రా" అంటాడు. రెండో ఆయన "అది పట్టావంటే చేయి చెడిపోతుంది, ఇదే పట్టుకుని ఉండు" అంటాడు. ఎవరి మాట వినాలి? ఎందుకో కూడా చెప్పండి, ఉత్త తీర్పు వద్దు.

సానరాయి:
కత్తి మార్చకండి.

బ్లేడు మార్చే కత్తి చూడ్డానికి దీని తమ్ముడిలా ఉంటుంది గానీ దాని నడక వేరు. అందులో పెట్టేది రెండంచుల బ్లేడులో సగం ముక్క. మందం 0.1 మిల్లీమీటరు. బరువు ఉండదు. చేతిలో బరువు తెలియకపోతే మనకి తెలియకుండానే అదుముతాం. కొత్త బ్లేడుని అదిమితే అది ఊరుకోదు. పైగా దాని రెండు మూలలూ సూదుల్లా ఉంటాయి. నా దవడ మూలన ఇప్పటికీ ఒక సన్నటి గీత ఉంది, అది ఆ మూల తగిలి పడిన గాటే.

సానపట్టే కత్తికి అంచుకి ఎదురుగా మందపాటి వీపు ఉంటుంది, బరువు ఉంటుంది. మీరు నెట్టక్కర్లేదు, దారి చూపిస్తే చాలు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. బోలుగా, అంటే రెండు పక్కలా లోపలికి గుంటగా సానపట్టిన అలుగు చప్పుడు చేస్తుంది. కోణం కుదిరినప్పుడు ఎండుటాకు మీద గోరు గీసినట్టు సన్నగా, ఒకే తీరుగా వినిపిస్తుంది. వీపు మరీ పైకి లేస్తే ఆ చప్పుడు గరుకుగా, గీరినట్టు మారుతుంది. మరీ పడుకుంటే చప్పుడు తగ్గిపోయి వెంట్రుక లాగుతుంది. చెవి చెప్పేది విని చేయి దిద్దుకుంటుంది. సగం బ్లేడులో అది దాదాపు వినిపించదు. ఆ కత్తితో నేర్చుకున్నవాడు దీని దగ్గరికి వచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

పగటివెలుగు:
సానరాయి గారు చప్పుడు గురించి చెప్పింది నిజం. కానీ కొత్తవాళ్ల నెత్తిన మనం రెండు విద్యలు ఒకేసారి పెడుతున్నాం. మొహం మీద కత్తి నడపడం ఒకటి, ఆ కత్తికి పదును నిలబెట్టడం ఇంకోటి. మెడ మంటపుట్టిందంటే తప్పు ఏ విద్యలో జరిగిందో ఈయనకి ఎలా తెలుస్తుంది? కోణం తప్పా, చర్మం వదులుగా వదిలేశారా, నురగ ఆరిపోయిందా, పదును పోయిందా? నాలుగూ చివరికి మంటలాగే తెలుస్తాయి.

బ్లేడు మార్చే కత్తిలో ఈ నాలుగింటిలో ఒకటి తగ్గిపోతుంది. ప్రతిసారీ కొత్త బ్లేడు, ప్రతిసారీ అదే పదును. మంటపుడితే తప్పు చేతిదే. దిద్దుకోవడం తేలిక. ఆడలేక మద్దెల ఓడు అనే వీలుండదు, ఎందుకంటే మద్దెల కొత్తది.

పదును నిలబెట్టుకోవడం చిన్న పనేమీ కాదు. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. బ్లేడుకన్నా 50 రెట్లు మెత్తనైన వెంట్రుక ఉక్కుని ఎలా చెడగొడుతుందని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. వాళ్లు చూసింది మామూలు వాడిపారేసే రేజర్ బ్లేడ్లని. అంచు నెమ్మదిగా అరిగిపోవడం కాదు, చిన్నచిన్న పెచ్చులు ఊడుతున్నాయి. ఉక్కు లోపలి అమరిక అంతటా ఒకేలా లేని చోట, వెంట్రుక వంగి పక్కనుంచి నొక్కినప్పుడు అలా జరుగుతోంది. ఒక్క వెంట్రుక తగిలినా అంత జరుగుతుంటే, కత్తి పట్టి వారం కాని మనిషిని పదును కూడా నువ్వే చూసుకో అనడం న్యాయమా?

నేను ఆరు నెలలు బ్లేడు మార్చే కత్తితో గీసుకుని ఆ తర్వాతే ఇటు వచ్చాను. మొహం మీద కొత్తగా నేర్చుకోవాల్సింది కొద్దిగానే మిగిలింది. నా శ్రద్ధంతా కత్తి అంచుని దిద్దే తోలు పట్టీ మీద పెట్టగలిగాను.

సానరాయి:
మద్దెల సామెత తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. ఈయన మద్దెల నిజంగానే ఓడైతే? రాసింది ఇంకోసారి చదవండి. మొదటి రెండుసార్లు బాగుంది, మూడోసారి నుంచి లాగుతోంది, అదీ అవే బుగ్గల మీద. చేయి రోజురోజుకీ కుదురుతుంది గానీ చెడదు కదా. ఇక్కడ చెడింది కత్తి. దానికి కత్తి మార్చమనడం వైద్యం కాదు.

ఎడమచేయి:
ఇద్దరూ పెద్ద ప్రశ్న మీద పడి ఆయన కత్తిని వదిలేశారు. కొత్తచేయి గారూ, మొదటి రెండుసార్లు హాయిగా తెగిందంటే కత్తి మీ దగ్గరికి సరిగ్గా సానపట్టే వచ్చింది. చాలా కొత్త కత్తులకి ఆ భాగ్యం కూడా ఉండదు. ఫ్యాక్టరీ అంచుతో గడ్డానికి పనికిరాకుండా వచ్చేవి బోలెడు. మీ దగ్గరికి వచ్చాక దానికి జరిగింది తోలు పట్టీ ఒక్కటే. నా అనుమానం అక్కడే.

ముందు ఇది చూడండి. వీపు కిందికి, అంచు పైకి ఉండేలా కత్తి పట్టుకుని ఒకే ఒక్క దీపం కింద మెల్లగా అటూఇటూ వంచండి. మంచి అంచు కంటికి కనబడదు. వెలుగు నిలవడానికి అక్కడ చోటే ఉండదు. ఎక్కడైనా తెల్లటి గీతో చుక్కో మెరిసిందంటే అక్కడ అంచు మొద్దుబారినట్టు, లేదా పెచ్చు ఊడినట్టు.

ఇప్పుడు పట్టీ సంగతి. కొత్తవాళ్లంతా చేసే తప్పు పట్టీని వదులుగా పట్టుకోవడం. తోలు కిందికి జారి పడవలా వంగుతుంది. దాని మీద కత్తి నడిపితే తోలు అంచు చుట్టూ పైకి ఎగబాకి ఆ సన్నటి అంచుని గుండ్రంగా చేసేస్తుంది. ఆ రోజు తెలియదు. రెండుమూడు సార్లు అయ్యాక "ఏమిటి, లాగుతోంది" అనిపిస్తుంది. మీ లెక్క సరిగ్గా అలాగే ఉంది.

పట్టీ బిగువుగా ఉండాలి. కత్తి వీపూ అంచూ రెండూ తోలుకి ఆనాలి. వీపు ముందు నడవాలి, అంచు వెనక రావాలి. సానపట్టే రాయి మీద దీనికి తలకిందులు, అక్కడ అంచే ముందు వెళ్తుంది. పట్టీ మీద పొరపాటున అలా చేస్తే తోలుకి కోత, అంచుకి చేటు. చివరికి వచ్చాక కత్తిని వీపు మీదుగా తిప్పాలి. వీపు తోలుని వదలకుండా దొర్లాలి. నేను తిప్పేటప్పుడు బొటనవేలూ చూపుడువేలూ మధ్య కత్తి మెడని, అంటే అలుగుకీ పిడికీ మధ్య సన్నటి భాగాన్ని, పెన్సిలు దొర్లించినట్టు దొర్లిస్తాను, మణికట్టు కదలదు. మణికట్టు తిప్పితే వీపు ఒక వెంట్రుకవాసి లేస్తుంది, ఆ కాస్త చాలు అంచు పాడవడానికి. పట్టీకి ఒక వైపు గుడ్డ, ఒక వైపు తోలు ఉంటే గుడ్డ వైపు 20 చుట్లు, తోలు వైపు 50 చుట్లు, రానూ పోనూ కలిపి ఒకటి. వేగం అక్కర్లేదు. సినిమాల్లో చూపించినట్టు టపటపలాడించడం అసలే వద్దు.

మొద్దుబారిన అంచు పట్టీతో తిరిగి రాదు, రాయి మీద వేయాల్సిందే. ఆ పని ఇప్పుడే మీరు చేయకండి, తెలిసినవాళ్ల చేత చేయించండి. 1000 గ్రిట్ (రాయి నునుపుదనం లెక్క, అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు) దగ్గర అంచు దిద్ది, 4000, 8000 దాటించి, 12000 దగ్గర ముగించే దాకా ప్రతి మెట్టూ చూసి తెలుసుకోవాలి. అది వేరే చదువు.

అసలు ప్రశ్నకి నా జవాబు ఇది. తోలు పట్టీ నేర్చుకునే ఓపిక ఉంటే సానపట్టే కత్తితోనే మొదలుపెట్టాలి. ఉదయం పది నిమిషాలే చేతిలో ఉన్నవాళ్లకి, వారానికి ఒకసారే గీసుకునేవాళ్లకి బ్లేడు మార్చే కత్తి మేలు. అది మెట్టు కాదు, వేరే దారి.

నిదానం:
ఈ వాదనలో చర్మం మాటే రాలేదు. మొటిమలున్నవాళ్లు, మెడ మీద వెంట్రుకలు లోపలికి మొలిచేవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గాయం త్వరగా మానని మధుమేహం ఉన్నవాళ్లు ఈ రెండు కత్తులకీ దూరంగా ఉండటమో, ముందు డాక్టరుని అడగడమో చేయాలి. పుట్టుమచ్చల చుట్టూ తిరిగి వెళ్లాలి, మీదుగా కాదు. ఒకరి కత్తి ఇంకొకరు వాడకూడదు, ఇంట్లోవాళ్లదైనా సరే. హెపటైటిస్ బి లాంటివి రక్తం ద్వారా కూడా పాకుతాయి.

నన్నడిగితే ముందు సేఫ్టీ రేజర్‌తో వెంట్రుక వాలు, నురగ తెలుసుకుని ఆ తర్వాత కత్తికి రావాలి. మొహాన్ని కాచుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. 18వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో కత్తులు చేసే జాఁ-జాక్ పెరె, ఎవరికి వారు గడ్డం గీసుకోవడం నేర్పడానికి పుస్తకం రాశారు. అలుగు లోతుగా దిగకుండా వడ్రంగి చిత్రికలాంటి కాపు కూడా పెట్టారు. 1904లో జిల్లెట్‌కి పేటెంటు వచ్చింది కూడా మార్చుకునే పలచటి బ్లేడుకి, దాన్ని పట్టుకునే కాపుకే.

కొత్తచేయి:
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. ఎడమచేయి గారు చెప్పినట్టు దీపం కింద చూశాను. కొస వైపు మూడో వంతు దాకా సన్నటి తెల్లగీత మెరిసింది. మడమ వైపు, అంటే పిడి దగ్గరి కొసన, ఏమీ కనిపించలేదు. పట్టీ సంగతి కూడా మీరన్నట్టే. ఒక చేత్తో పట్టుకుంటే మధ్యలో వేలెడు జారుతోంది, నేను గమనించనే లేదు.

ఇంకో పని కూడా చేశాను. పగటివెలుగు గారి మాట పరీక్షించాలనిపించింది. బ్లేడు మార్చే కత్తి ఒకటి కొత్తది తెచ్చుకుని, బ్లేడు పెట్టి గీశాను. గోరువెచ్చటి నీళ్లతో రెండు మూడు నిమిషాలు నానబెట్టి, ఎప్పటి సబ్బే వాడాను. కుడి బుగ్గ మీద అసలు లాగలేదు, నాలుగే గీతలకి నున్నగా వచ్చింది. కానీ దవడ కింద మళ్లీ గాటు పడింది, పాత గాటుకి అరంగుళం పక్కన.

అంటే బుగ్గ మీద లాగడం కత్తి తప్పు. దవడ కింద గాటు నా చేతి తప్పు. ఒకే కత్తితో ఉండి ఉంటే ఈ రెండూ విడదీయగలిగేవాణ్ణి కాదు.

పగటివెలుగు:
నేను చెప్పాలనుకున్నది నాకన్నా మీరే బాగా చెప్పారు. మొదలుపెట్టేది ఏదైనా, అనుమానం వచ్చిన రోజున పోల్చి చూసుకోవడానికి రెండోది దగ్గర ఉండాలంటాను. ఎడమచేయి గారన్న "వేరే దారి" మాట ఇంకా ఒప్పుకోను గానీ, పట్టీ విషయంలో ఆయన చూపు నాకు లేకపోయింది.

దవడకి ఇలా చేయండి. ఎముక అంచు మీద కత్తి పెట్టకండి. చెవి కింద వేళ్లు ఆనించి, ఎముక కింది చర్మాన్ని బుగ్గ మీదికి లాక్కోండి. గీయాల్సిన చోటు చదునైన బుగ్గ మీదికి వచ్చేస్తుంది. అక్కడ గీయండి, పొట్టి పొట్టి గీతలు, అంగుళానికి మించకుండా. వీపు చర్మానికి 30 డిగ్రీలు దాటకూడదు. కత్తి అంచు పొడవునా పక్కకి జరగకూడదు, అలా జరిగితే అది గీత కాదు, కోత. వేళ్లు నురగలో జారుతుంటే తడి పటిక ముక్క ఒకసారి రుద్దుకోండి, పట్టు దొరుకుతుంది. గాటు పడితే అదే పటిక పనికొస్తుంది.

ఎడమచేయి:
ఇంకొకటి. మెడ మీద వెంట్రుక ఒకే దిక్కున మొలవదు. గీసుకున్న మర్నాడు పొడి వేలితో నాలుగు దిక్కులా రాసి చూడండి. ఎటు రాస్తే నున్నగా ఉందో అదే వాలు. చాలామందికి గొంతు పక్కన అది అడ్డంగా ఉంటుంది. పై నుంచి కిందికే వాలు అనుకుని గీస్తే తెలియకుండానే అడ్డంగా, ఎదురుగా గీస్తున్నట్టు. ఎదురు గీత చేయి కుదిరేదాకా వద్దు.

కొత్తచేయి:
కత్తిని సానకి పంపిస్తున్నాను. అది వచ్చేలోగా పదును లేని బల్లకత్తితో (వెన్న రాసుకునేదానితో) పట్టీ మీద తిప్పడం అలవాటు చేసుకుంటాను. గడ్డం సేఫ్టీ రేజర్‌తోనే గీసుకుంటాను, బుగ్గలకి మాత్రం బ్లేడు మార్చే కత్తి. సాన నుంచి వచ్చాక మొదట ఎన్ని చుట్లు వేయాలి?

సానరాయి:
సున్నా. సానపట్టి వచ్చిన కత్తిని మొదటిసారి పట్టీ మీద వేయకుండానే గీసుకోండి, ఆ పదును ఎలా ఉందో బుగ్గకి గుర్తుండిపోతుంది. రెండోసారి మీరు పట్టీ వేసి గీసుకోండి. మొదటిదానికన్నా బాగుంటే పట్టీ వచ్చినట్టే. తీసికట్టుగా ఉంటే మళ్లీ బల్లకత్తి తీసుకుని పట్టీ దగ్గరికి వెళ్లండి, ఇక్కడ రాయండి, బిగువు ఎలా పట్టుకుంటున్నారో కలిసి చూద్దాం.