స్క్రీన్ రీడర్‌తో నెట్ రేడియో స్టేషన్లు: జాబితా ఎలా సర్దుకుంటున్నారు?

శ్రోత_సీమ:
విండోస్ 11, ఎన్‌విడిఎ (తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్), ఫూబార్ 2000 ప్లేయర్. కంట్రోల్+యు నొక్కి అడ్రస్ పేస్ట్ చేస్తే స్టేషన్ చేరుతోంది. కానీ బాణం గుర్తులతో జాబితాలో దిగుతుంటే పేరు బదులు హెచ్‌టిటిపి దగ్గర్నుంచి మొత్తం అడ్రస్ చదువుతోంది. ప్లే చేశాక పేరు వస్తుంది, అదీ సర్వర్ పంపిందే. నలభై స్టేషన్లలో విజయవాడ ఏదో, వివిధ భారతి ఏదో ఎలా తెలిసేది?

నోట్‌ప్యాడ్_నమ్మకం:
ప్లేయర్‌లో సర్దకండి. అసలు జాబితా నోట్‌ప్యాడ్‌లో ఉంచండి, ప్లేయర్‌ని పాడించడానికి మాత్రమే వాడండి. ప్లేయర్ మారినా, కంప్యూటర్ మారినా ఆ ఫైల్ మీ వెంటే వస్తుంది.

పద్ధతి ఇది. మొదటి వరుసలో హ్యాష్ గుర్తు, దాన్ని ఆనుకొని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఇ, ఎక్స్, టి, ఎం, 3, యు. తర్వాత ఒక్కో స్టేషన్‌కు రెండేసి వరుసలు. పై వరుసలో హ్యాష్, ఇ-ఎక్స్-టి-ఐ-ఎన్-ఎఫ్, కోలన్, మైనస్ 1, కామా, ఆపైన మీకు నచ్చిన పేరు. కింది వరుసలో అడ్రస్. లైవ్‌కి నిడివి ఉండదు కాబట్టే మైనస్ 1. ఫైల్ పేరు చివర చుక్క ఎం3యు8. దాన్ని విఎల్‌సి ప్లేయర్‌లో తెరిస్తే మీరు రాసిన పేర్లే కనిపిస్తాయి. ప్లే అయ్యాక సర్వర్ పేరు వచ్చి కూర్చున్నా ఫైల్లోది చెక్కుచెదరదు, మళ్లీ తెరిస్తే మీ పేరే ఉంటుంది.

పిఎల్‌ఎస్ అనే ఇంకో రకం జాబితా ఫైల్ జోలికి వెళ్లకండి. అందులో ప్రతి స్టేషన్‌కూ వరుస సంఖ్య ఉంటుంది, చివర మొత్తం ఎన్నో కూడా రాయాలి. మధ్యలో ఒకటి తీసేస్తే కింద ఉన్నవన్నీ దిద్దుకోవాలి. స్క్రీన్ రీడర్‌తో అది పెద్ద తలనొప్పి.

శ్రోత_సీమ:
చేశాను. తెలుగు పేర్లన్నీ ప్రశ్న గుర్తులయ్యాయి. పైగా ఫైల్ నోట్‌ప్యాడ్‌లోనే తెరుచుకుంటోంది.

నోట్‌ప్యాడ్_నమ్మకం:
రెండూ సేవ్ యాజ్ డబ్బాలో జరిగిన తప్పులే. ఆల్ట్+టి నొక్కి ఫైల్ రకం 'ఆల్ ఫైల్స్' చేయండి, లేకపోతే చివర చుక్క టిఎక్స్‌టి తగులుకుంటుంది. విండోస్ పొడిగింపుల్ని దాచేస్తుంది కాబట్టి అది మీకు వినిపించదు. తర్వాత ఆల్ట్+ఇ నొక్కి ఎన్‌కోడింగ్ (ఫైల్లో అక్షరాలు దాచే పద్ధతి) యుటిఎఫ్-8 పెట్టండి. ఆన్సీ అనే పాత ఎన్‌కోడింగ్‌లో తెలుగు అక్షరాలకు చోటే లేదు, అందుకే ప్రశ్న గుర్తులు. ఒకసారి అలా సేవ్ అయ్యాక పోయిన అక్షరాలు తిరిగి రావు, పేర్లు మళ్లీ టైప్ చేయాల్సిందే. 'యుటిఎఫ్-8 విత్ బామ్' వద్దు. ఫైల్ మొదట్లో కనపడని గుర్తు చేరి, కొన్ని ప్లేయర్లు మొదటి వరుసను గుర్తుపట్టవు.

సెమీకోలన్:
అడ్రసులు సరిచూసేటప్పుడు ఎన్‌విడిఎ+పి (ఎన్‌విడిఎ కీ అంటే మామూలుగా ఇన్సర్ట్) నొక్కుతూ విరామ చిహ్నాల స్థాయిని 'ఆల్' దాకా తీసుకెళ్లండి. మామూలు స్థాయిలో సెమీకోలన్ చదవదు. షౌట్‌కాస్ట్ (నెట్ రేడియో ప్రసారం చేసే సాఫ్ట్‌వేర్) పాత సర్వర్లకు పోర్టు సంఖ్య తర్వాత స్లాష్, సెమీకోలన్ ఉండాలి. అవి లేకపోతే, అడిగింది బ్రౌజర్ అనుకుంటే సర్వర్ పాటకు బదులు వెబ్ పేజీ పంపుతుంది. బ్రౌజర్‌లో పరీక్షించేవాళ్లు 'స్టేషన్ చచ్చిపోయింది' అనుకునేది సాధారణంగా ఇక్కడే. అలాంటిదే అయిన ఐస్‌కాస్ట్‌కు ఇది అక్కర్లేదు, స్లాష్ తర్వాత మౌంట్ పేరు (సర్వర్లో ఆ స్ట్రీముకు ఇచ్చిన పేరు) సరిగ్గా ఉంటే చాలు.

వివిధ_వాణి:
పేర్ల గురించి నా మాట వేరు. తెలుగులో రాస్తే వినడానికి బాగుంటుంది, వెతకడానికే కష్టం. మొదటి అక్షరం కొట్టి దూకాలంటే ప్రతిసారీ విండోస్+స్పేస్‌తో కీబోర్డు మార్చాలి. అందుకని పేరు ముందు రెండంకెలు పెట్టండి: 11 విజయవాడ, 12 హైదరాబాద్, 13 విశాఖ, 21 నుంచి సినిమా పాటలు, 31 నుంచి శాస్త్రీయం. విన్‌యాంప్ ప్లేయర్‌లో అయితే జె నొక్కి (జాబితాలో వెతికి దూకే గడి తెరుచుకుంటుంది) 21 కొట్టి ఎంటర్, అంతే. ఆ జె కోసమే ఇంకా విన్‌యాంప్ వదలనివాళ్లున్నారు, తప్పు లేదు. ఒక్క జాగ్రత్త: దాని ముఖ్య విండోలో కంట్రోల్+ఎల్‌తో కొత్త అడ్రస్ తెరిస్తే ఉన్న జాబితా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

శ్రోత_సీమ:
అంకెలు బాగున్నాయి. ఆకాశవాణి అడ్రసులు ఎక్కడ దొరుకుతాయి?

సెమీకోలన్:
రేడియో బ్రౌజర్ అనే ఉచిత డైరెక్టరీలో భాషను బట్టి వెతకొచ్చు. అక్కడ లేకపోతే స్టేషన్ పేజీని ఫైర్‌ఫాక్స్‌లో తెరిచి కంట్రోల్+షిఫ్ట్+ఇ నొక్కండి, నెట్‌వర్క్ ప్యానెల్ వస్తుంది. అప్పుడు పేజీలో ప్లే నొక్కి, ప్యానెల్‌లో 'మీడియా' ఫిల్టర్ పెట్టి, వచ్చిన వరుస మీద షిఫ్ట్+ఎఫ్10తో అడ్రస్ కాపీ చేసుకోండి. మీడియాలో ఏమీ రాకపోతే ఫిల్టర్ తీసేసి ఎం3యు8 అని వెతకండి. ప్రశ్న గుర్తు తర్వాత పొడవాటి టోకెన్ (తాత్కాలిక అనుమతి కోడ్) ఉంటే జాబితాలో పెట్టొద్దు, దాని గడువు అయిపోగానే పనిచేయదు.

అడ్రస్ చివరే ఎం3యు8 ఉంటే అది మీ జాబితా లాంటి ఫైల్ కాదు, హెచ్‌ఎల్‌ఎస్. కొన్ని సెకన్ల ముక్కల పట్టీ, ఎప్పటికప్పుడు మారుతుంటుంది. ఆకాశవాణి స్ట్రీములు ఈ కోవలోవే. హెచ్‌ఎల్‌ఎస్ తెలియని ప్లేయర్ ఆ ముక్కల్ని పాటలనుకుని చేర్చుకుని, అర నిమిషం పాడి ఊరుకుంటుంది. విఎల్‌సికి ఆ బాధ లేదు.

డకింగ్_దొర:
ఫూబార్ వాడేవాళ్లకు ఒక ప్రమాదం. ప్రిఫరెన్సెస్, ప్లేబ్యాక్, అవుట్‌పుట్‌లో పరికరం పేరు పక్కన 'ఎక్స్‌క్లూజివ్' అని ఉన్నది ఎంచుకోకండి. సౌండ్ కార్డును పూర్తిగా తనే పట్టేసుకుంటుంది, పాట మొదలవగానే ఎన్‌విడిఎ గొంతు పడిపోతుంది. అలా ఇరుక్కుంటే కంగారుపడి రీస్టార్ట్ చేయక్కర్లేదు. ఆల్ట్+ఎఫ్4తో ఫూబార్ మూయండి, గొంతు తిరిగొస్తుంది.

పాట హోరులో మాట వినపడకపోతే ఎన్‌విడిఎ+షిఫ్ట్+డి. ఎన్‌విడిఎ మాట్లాడినంతసేపూ పాట శబ్దం తగ్గుతుంది. ఎన్‌విడిఎని ఇన్‌స్టాల్ చేసుకుంటేనే ఇది పనిచేస్తుంది, పోర్టబుల్‌లో ఉండదు.

శ్రోత_సీమ:
విఎల్‌సిలో విజయవాడ పెడితే కాసేపటికి హైదరాబాద్ వస్తోంది. ఏమీ నొక్కలేదు.

నోట్‌ప్యాడ్_నమ్మకం:
కనెక్షన్ తెగితే ప్లేయర్ దృష్టిలో పాట అయిపోయినట్టే, తర్వాతిదానికి వెళ్తుంది. ఆ ఒక్కదాన్నే తిప్పే రిపీట్ పెట్టండి. విఎల్‌సిలో ఎల్ కీతో మారుతుంది. అలాగే ప్రిఫరెన్సెస్‌లో 'ఆల్' ఎంచుకుని, ఇన్‌పుట్/కోడెక్స్‌లో నెట్‌వర్క్ క్యాషింగ్ (ముందే కొంత పాట నిల్వ చేసుకునే సమయం, మిల్లీసెకన్లలో) 1000 ఉన్నచోట 3000 చేయండి. పాట మొదలవడానికి ఇంకో రెండు సెకన్లు పడుతుంది, తెగడం తగ్గుతుంది.

రోజూ వినే రెండు మూడింటికి ఒక్కో స్టేషన్‌తో విడి ఫైల్ చేసి, డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టి, ఆల్ట్+ఎంటర్‌తో షార్ట్‌కట్ కీ ఇవ్వండి. ఆ గడిలో వి నొక్కితే కంట్రోల్+ఆల్ట్+వి అవుతుంది. ఎన్ మాత్రం ఇవ్వకండి, అది ఎన్‌విడిఎ లేచే కీ.

వివిధ_వాణి:
ఫోన్ హాట్‌స్పాట్ మీద వినేవాళ్లు ఒకే స్టేషన్‌కు రెండు అడ్రసులుంటే తక్కువ బిట్‌రేట్‌ది (సెకనుకు తక్కువ డేటా లాగేది) ముందు పెట్టుకోండి. 128 కెబిపిఎస్ అయితే గంటకు దాదాపు 58 ఎంబి, 64 అయితే 29. పేరులోనే '11 విజయవాడ 64' అని రాసేస్తే వినగానే తెలిసిపోతుంది.