కేయాస్‌ను "గందరగోళం" అనవచ్చునా?

ప్రశ్న: సింక్రొనైజ్ అయిన, అంటే ఒకే నడకలో నడిచే, కేయాటిక్ వ్యవస్థల సాయంతో రహస్య సందేశాలు పంపే పద్ధతిపై వ్యాసం రాస్తున్నాను. కేయాస్‌కు "గందరగోళం", "అవ్యవస్థ" అన్న మాటలలో ఏది తగినదో పెద్దలు చెప్పగలరు.

జవాబు: రెండూ తగవనే నా అభిప్రాయం. మొదటి చిక్కు చిన్నదే: "అవ్యవస్థ" అంటే కేయాటిక్ సిస్టమ్ కాస్తా "అవ్యవస్థా వ్యవస్థ" అయి కూర్చుంటుంది. "గందరగోళం" తెచ్చే చిక్కు పెద్దది. సంతలోని గందరగోళానికి సూత్రమంటూ ఉండదు. కేయాస్‌కు ఉదాహరణగా చెప్పే, వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో ప్రచురించిన మూడు సమీకరణాలలోనో, యాదృచ్ఛికమైనది ఒక్కటీ లేదు. ఆరంభంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా రెండు గమనాలు పోనుపోను పొంతన లేకుండా విడిపోతాయి, శాస్త్రంలో కేయాస్ అంటే అంతే. అలా విడిపోవలసిన రెండు వ్యవస్థలను, మొదటిదాని సంకేతాలలో ఒకదానిని రెండవదానికి అందించి, ఒకే నడకలో నడిపించవచ్చునని అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పనిచేసిన పెకోరా, కెరోల్ 1990లో చూపారు. సూత్రమే లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. నేనైతే "కల్లోలం" అంటాను. సంస్కృతంలో దానికి పెద్ద అల అని అర్థం, అలకు నియమం ఉన్నది కదా.

ప్రశ్న: కల్లోలం బాగుందండీ. మరి సింక్రొనైజేషన్‌ను "సమకాలీకరణ" అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది గాని, ఒకటి నడిపిస్తే మరొకటి అనుసరిస్తుందన్న సంగతి అందులో వినిపించదు. బుర్రకథలో కథకుని పాటను అందుకునే "వంత" ఇక్కడ చక్కగా అమరేది. కానీ "వంత పాడటం" నేడు ముఖస్తుతికి పేరైపోయింది కనుక ఆ మాట మనకు దక్కదు.

అడగకపోయినా ఇంకొక మాట. 1993లో క్వోమో, ఓపెన్‌హైమ్ అనే పరిశోధకులు లోరెంజ్ సమీకరణాలతో నడిచే సర్క్యూట్లు కట్టి, మాటల సంకేతాన్ని తక్కువ బలంతో కల్లోల సంకేతానికి కలిపి పంపారు; అందుకునే సర్క్యూట్ అదే కల్లోలాన్ని తానుగా పుట్టించుకొని, వచ్చినదానిలో నుంచి తీసివేస్తే మాట మిగిలింది. దీనిని ఆంగ్లంలో మాస్కింగ్ అన్నారు, మనం "చాటు" అనవచ్చు. ఆ మరుసటి ఏడే, 1994లో, గణితజ్ఞుడు కెవిన్ షార్ట్ అందుకునే సర్క్యూట్ లేకుండానే సందేశాన్ని బయటికి లాగే దారి చూపారు గనుక, మీ వ్యాసంలో "సురక్షిత" అన్న విశేషణం కన్నా "చాటు సందేశం" అన్నదే నిజానికి దగ్గరగా ఉంటుంది.