మూడు రోజుల సెలవు: హంపి ఒక్కటేనా, బాదామి కూడా కలపాలా?

కొంపల్లి_కారు:
దసరాకి మూడు రోజులు దొరికాయి. హైదరాబాద్ నుంచి రాయచూరు మీదుగా హంపికి, సొంత కారులో. అమ్మ (68, మోకాళ్ల నొప్పులు), ఇద్దరు పిల్లలు, మేమిద్దరం. మా బావగారేమో "అంత దూరం వెళ్లి బాదామి, పట్టడకల్, ఐహోళె చూడకుండా వస్తావా" అంటున్నారు. మా ఆవిడ హంపి చాలంటోంది. మీరేమంటారు?

రాళ్లపిచ్చి:
బావగారి మాటే నాది. హంపి నుంచి బాదామి సుమారు 150 కిలోమీటర్లు. మిగతా రెండూ దాని పక్కనే. విజయనగరం పుట్టింది 1336లో. చాళుక్యుల రాజధాని బాదామిలో, కొండని తొలిచిన మూడో గుహ గుడిలో శాసనం 578 నాటిది! అమ్మగారికి ఇంకో ఐదేళ్లకి ఓపిక ఉంటుందా?

ఆదోని_అల్లుడు:
ఓపిక అన్నారు కాబట్టి చెప్తున్నా. పోయినేడు మార్చిలో మేము ఇదే పని చేసినాం. విఠలాలయానికి దూరంగానే కారు ఆపేయాల, అక్కణ్ణించి బ్యాటరీ బండి. దాని క్యూలోనే సగం ఓపిక అయిపోయె. మధ్యాహ్నానికి విరూపాక్షుడి గుడి. చెప్పులిడిసి బండల మీద అడుగు పెడితే కాళ్లు చుర్రుమన్నాయి. మా చిన్నోడు నా పాదాల మీదెక్కి నిలబడినాడు, దిగితే ఒట్టు. గోపురం నీడ లోపల గోడ మీద తలకిందులుగా పడుతుంది కదా, అది చూపిద్దామంటే "నాన్నా, పోదాం" అని ఒకటే పోరు.

సాయంత్రం బయల్దేరి రాత్రికి బాదామి. పొద్దున మేము మెట్లెక్కి గుహలు చూసొచ్చేలోపు మా అత్తగారు కింద కూచుని సంచి కోసం కోతులతో కొట్లాడింది. ఆమెకి బాదామి అంటే ఇప్పటికీ కోతులే.

హంపికే రెండు రోజులు పెట్టుకోండి. పొద్దున, సాయంత్రం తిరగండి, ఎండపూట రూములో పడుకోండి. పిల్లల్ని హజార రామాలయం గోడల ముందర నిలబెట్టండి. రామాయణం వరసలు వరసలుగా చెక్కినారు. కథ మీరు చెప్పొద్దు, వాళ్లనే చెప్పమనండి.

రాళ్లపిచ్చి:
మార్చి ఎండకి బాదామిని తిడితే ఎలాగండీ? పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు వేంగికి వస్తేనే కదా మనకి తూర్పు చాళుక్యులు. వాళ్ల పుట్టిల్లు అది.

పాలమూరు_తొవ్వ:
గా చాళుక్యులను చూడనీకి బాదామి దాక ఎందుకన్నా? కర్నూలు తొవ్వల అలంపురం లేదా? నవబ్రహ్మ గుళ్లు వాళ్లు కట్టినవే. పట్టడకల్‌ల గళగనాథుని గుడి చూడు, అలంపురం గుళ్లకు తమ్మునిలెక్కనే ఉంటది. వచ్చేటప్పుడు బళ్లారి, కర్నూలు మీదికెళ్లి రాండ్రి. అమ్మకు జోగులాంబ దర్శనం గూడ అయితది.

రాళ్లపిచ్చి:
అలంపురం గొప్పదే, ఒప్పుకుంటా. గుహలేవి మరి?

పాలమూరు_తొవ్వ:
మోకాళ్ల నొప్పులున్న అమ్మకు గుహలెందుకే!

కొంపల్లి_కారు:
హంపి రెండు రోజులు, మూడో రోజు వస్తూ వస్తూ అలంపురం అని తేల్చేశాం. బావగారు అలిగారు. ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. మొత్తం విని, "రాయచూరు దాకా వెళ్లి మంత్రాలయంలో ఆగకుండా ఎలా పోతార్రా" అంది.

ఆదోని_అల్లుడు:
ఇంగ హంపికి ఒకటిన్నర రోజే అన్నా.