అప్‌డేట్: డేలిలీ కాయ నిలిచింది

పసుపు డేలిలీకి (ఒక్కో పువ్వు ఒక్కరోజే ఉండే పూలమొక్క) ఎర్ర కన్ను రకం, అంటే పువ్వు నడుమ ఎర్రటి పట్టీ ఉండేదాని పుప్పొడి అద్దితే కాయ రాలిపోతోందని నల్లగొండ నుంచి అడిగింది నేనే. మీరన్నట్టే ఒకటి 22 క్రోమోజోముల డిప్లాయిడ్ (రెండు సెట్లు ఉన్నది), ఇంకోటి 44 ఉన్న టెట్రాప్లాయిడ్ (నాలుగు సెట్లు ఉన్నది). ఆ జోడీ దాదాపు కుదరదు.

ఈసారి రెండూ డిప్లాయిడ్‌లే తీసుకున్నా. మన ఎండల సంగతి తెలిసిందేగా, అందుకే పొద్దున్నే, పువ్వు విచ్చుకోగానే పుప్పొడి ఉన్న కేసరం తుంచి, రెండో మొక్క పువ్వులో పుప్పొడి అందుకునే కీలాగ్రం కొసకు రాశా. రాత్రికి పువ్వు వాడింది, అది మామూలే. కింద పచ్చటి బుడిపె మాత్రం ఊడలేదు! నెలన్నర దాటాక గోధుమరంగుకు తిరిగి పగిలింది. లోపల నల్లగా నిగనిగలాడే గింజలు. "ఇంత హడావుడి ఎల్లిగడ్డకు చేస్తే కూరకన్నా వచ్చేది" అని అత్తమ్మ నవ్వుతున్నారు.

ఎర్ర కన్ను పిల్లమొక్కలకు దిగిందా లేదా అన్నది పూస్తేనే తేలేది, ఏడాదో రెండేళ్లో. గింజలు అడిగినవాళ్లు కాస్త ఆగండి, ముందు ఇవి మొలవాలి.