మినాక్సిడిల్ మొదలుపెట్టాక జుట్టు ఇంకా ఎక్కువ ఊడుతోంది: ఆపాలా, ఫినాస్టరైడ్ కలపాలా, ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్లాలా?

పలచటి_పాపిట

వయసు 28. కణతలు రెండు పక్కలా లోపలికి జరిగాయి, నడినెత్తిన మాడు కనిపిస్తోంది. చర్మ వైద్యులు చూసి ఇది మగవాళ్లకి వచ్చే మామూలు బట్టతలేనని, బట్టతల ఎంతవరకు వచ్చిందో చెప్పే నార్‌వుడ్ స్కేలులో మూడో దశ అని చెప్పారు. 5 శాతం మినాక్సిడిల్ ద్రావణం రోజుకి రెండుసార్లు రాయమన్నారు. నెల దాటింది. దువ్వితే మునుపటికంటే ఎక్కువ రాలుతోంది, పైగా మాడంతా దురద, తెల్లటి పొట్టు.

ఇది మందు పడకపోవడమా? ఫినాస్టరైడ్ గురించి చదివితే భయమేస్తోంది, నిజంగా అవసరమా? ఇవన్నీ వదిలేసి నేరుగా ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటే గొడవ వదిలిపోదా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

కుదురు_లెక్క

మందు ఆపకండి. ఊడటం పెరగడానికి కారణం ఉంది. ఏ సమయంలో చూసినా కొన్ని కుదుళ్లు విశ్రాంతి దశలో ఉంటాయి, వాటిలో పాత వెంట్రుక ఊరికే నిలబడి ఉంటుంది. మినాక్సిడిల్ ఆ విశ్రాంతిని మధ్యలోనే ముగించి కుదురుని మళ్లీ పెరుగుదలలోకి తోస్తుంది. కింద కొత్తది మొదలైతే పైనున్న పాతది రాలాల్సిందే. సాధారణంగా రెండో వారం నుంచి ఎనిమిదో వారం మధ్య ఇది కనిపించి తగ్గిపోతుంది. చాలామంది సరిగ్గా ఈ దశలోనే భయపడి మానేస్తారు. ఊడినవి పోతాయి, రావాల్సినవి రావు, రెండు రకాలా నష్టం.

ఫలితం ఉందో లేదో చెప్పాలంటే కనీసం నాలుగు నెలలు, నిక్కచ్చిగా అయితే ఆరు నుంచి పన్నెండు నెలలు చూడాలి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది, కొత్తగా వచ్చేవి మొదట నూగులాగే ఉంటాయి. అద్దంలో రోజూ చూసుకుంటే ఏమీ తెలియదు. మూడు నెలలకోసారి ఒకే దీపం కింద, ఒకే దూరం నుంచి, జుట్టు పూర్తిగా ఆరాక, ఒకే పొడవుకి కత్తిరించాక నుదురు, రెండు కణతలు, నడినెత్తి ఫోటోలు తీసి పెట్టుకోండి. తడి జుట్టు ఫోటోని పొడి జుట్టు ఫోటోతో పోల్చి కంగారుపడేవాళ్లు కోకొల్లలు.

ఇక దురద. ద్రావణంలో మందు కరగడానికి ఆల్కహాల్‌తో పాటు ప్రొపిలీన్ గ్లైకాల్ వేస్తారు. దురదకి ఎక్కువసార్లు కారణం అదే, మినాక్సిడిల్ కాదు. ఫోమ్‌లో ప్రొపిలీన్ గ్లైకాల్ ఉండదు, కాబట్టి వైద్యుణ్ణి అడిగి ఫోమ్‌కి మారి చూడండి. దానికీ ఎర్రబడి మండుతుంటే అప్పుడు మందే పడటం లేదని అనుమానించాలి. తెల్ల పొట్టులో కొంత చుండ్రు కాకపోవచ్చు, ఎండిపోయిన మందే పొడిలా రాలుతుంటుంది. నిజంగా చుండ్రే ఉంటే 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నురుగు మాడు మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. రాసిన వెంటనే కడిగేస్తే పని చేయదు.

రాసే పద్ధతిలో జరిగే తప్పులు చెప్తాను, ఎందుకంటే సగం మందికి మందు అందాల్సిన చోటికి అందదు. మాడు పొడిగా ఉండాలి. ఒక్కసారికి 1 ఎం.ఎల్., అంటే 5 శాతంలో 50 మి.గ్రా. మందు. జుట్టుని పాయలుగా విడదీసి చుక్కలు చర్మం మీద పడేలా వేయాలి. జుట్టు మీద వేసి రుద్దితే జుట్టుకే అంటుకుని ఆగిపోతుంది. నడినెత్తి, ముందు భాగం రెండూ కలిపే 1 ఎం.ఎల్., ఒక్కోచోటికి ఒక్కో ఎం.ఎల్. కాదు. ఎక్కువ వేస్తే ఎక్కువ జుట్టు రాదు, రక్తంలోకి ఎక్కువ వెళ్లి గుండెదడ, తలతిరుగుడు వస్తాయి. తర్వాత నాలుగు గంటలు తల తడపకూడదు. రాత్రి మోతాదు పడుకునే ముందు కాకుండా రెండు మూడు గంటల ముందే రాయండి. లేకపోతే దిండుకి అంటుకుని అక్కణ్ణుంచి మొహానికి చేరి, బుగ్గల మీదా నుదుటి మీదా వెంట్రుకలు మొలుస్తాయి. ఫోమ్ అయితే మూతలో సగం. వేలి వేడికే కరిగిపోతుంది కాబట్టి ముందు చేతులు చల్లటి నీళ్లతో కడిగి తుడుచుకుని తీసుకోవాలి. పని అయ్యాక చేతులు కడుక్కోవడం మర్చిపోకండి. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త: కొద్దిపాటి మినాక్సిడిల్ నాకినా పిల్లులు చనిపోవచ్చు.

మందుల_అర

రెండో ప్రశ్నకి నేను చెప్తాను.

మినాక్సిడిల్ జుట్టుని పెంచుతుంది గానీ జుట్టు ఎందుకు సన్నబడుతోందో ఆ కారణాన్ని ముట్టుకోదు. ఆ కారణం డీహెచ్‌టీ అనే హార్మోన్. 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరోన్‌ని డీహెచ్‌టీగా మారుస్తుంది. వంశపారంపర్యంగా దానికి లొంగే కుదుళ్లు ఒక్కో పెరుగుదల చక్రంలో కొంచెం కొంచెం కుంచించుకుపోతాయి. ఫినాస్టరైడ్ ఆ ఎంజైమ్‌ని ఆపుతుంది. రోజుకి 1 మి.గ్రా. తో రక్తంలోని డీహెచ్‌టీ సుమారు 70 శాతం తగ్గుతుంది. అంటే ఫినాస్టరైడ్ ఉన్నదాన్ని నిలబెడుతుంది, మినాక్సిడిల్ దాన్ని మందంగా చేస్తుంది. మొదటిది లేకుండా రెండోది మాత్రమే వాడితే కొన్నేళ్లకి వెనకబడిపోతుంది.

బట్టతలకి 1 మి.గ్రా. మోతాదుని అమెరికా ఎఫ్‌డీఏ 1997లో అనుమతించింది. అంతకు ఐదేళ్ల ముందే, 1992లో, ప్రోస్టేట్ గ్రంథి పెరిగే సమస్యకి 5 మి.గ్రా. వచ్చింది. రెండేళ్ల ట్రయల్‌లో మాత్ర వేసుకున్నవాళ్లలో 83 శాతం మందికి నడినెత్తిన వెంట్రుకల సంఖ్య తగ్గలేదు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అలా ఉన్నది 28 శాతం. కణతల దగ్గర ఫలితం అంత గట్టిగా ఉండదు, అది ముందే తెలుసుకోండి.

భయం గురించి. అదే ట్రయల్స్‌లో కోరిక తగ్గడం, అంగస్తంభన లోపం లాంటివి మందు వేసుకున్నవాళ్లలో 3.8 శాతం, ఉత్తుత్తి మాత్రవాళ్లలో 2.1 శాతం. ఎక్కువమందికి ఆపాక సర్దుకున్నాయి. ఆపినా కొనసాగాయని చెప్పేవాళ్లూ ఉన్నారు, దాన్ని కొట్టిపారేయడం సరికాదు. మనసుకి సంబంధించిన విషయం ఇంకా ముఖ్యం: ఆత్మహత్య ఆలోచనలు ఈ మందు దుష్ఫలితమేనని ఐరోపా మందుల సంస్థ 2025లో ధ్రువీకరించింది. డిప్రెషన్ ఇప్పుడున్నా, గతంలో ఉన్నా, రాయించుకునే ముందే వైద్యుడికి చెప్పండి. వాడుతుండగా దిగులు కమ్మినట్టుంటే మాత్ర ఆపి వెంటనే కలవండి. రొమ్ములో గడ్డ, నొప్పి, స్రావం కనిపించినా అంతే.

ఎవరూ చెప్పనివి ఇంకొన్ని. ప్రోస్టేట్ సమస్యల కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష చేస్తే విలువ సగానికి సగం తక్కువ చూపిస్తుంది. కాబట్టి ఏ డాక్టరుకైనా ఈ మాత్ర సంగతి చెప్పాలి, లేకపోతే ప్రోస్టేట్ సమస్య కనబడకుండా పోతుంది. 5 మి.గ్రా. మాత్రని ముక్కలు చేసి వాడేవాళ్లు ఉన్నారు. ముక్కలు సమానంగా రావు సరే, ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పొడి ఆమె చేతికి తగలకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతింటుంది. రక్తదానం ఆఖరి మాత్ర తర్వాత కనీసం నెల ఆగి చేయాలి. పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే అదీ వైద్యుడితో మాట్లాడండి, కొందరిలో వీర్యం నాణ్యత తగ్గి, ఆపాక మళ్లీ పెరుగుతుంది. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు. పూర్తిగా మానేస్తే నిలబెట్టుకున్నది ఏడాదిలోపే పోతుంది.

పలచటి_పాపిట

ఇద్దరికీ చాలా థాంక్సండి. ఫోమ్ సంగతి అడుగుతాను. రెండు మందులూ ఒకేసారి మొదలుపెట్టాల్సిందా? బయోటిన్, పీఆర్‌పీ, రోలర్, లేజర్ టోపీ... వీటిలో పనికొచ్చేది ఏదైనా ఉందా?

కుదురు_లెక్క

ఒకేసారి మొదలుపెడితే సమయం కలిసొస్తుంది, ఫలితమూ కలిపి వాడితేనే బాగుంటుంది. మీరు ఎలాగూ ఒకటి మొదలుపెట్టారు, వైద్యుడు సరేనంటే రెండోది ఆలస్యం చేయకండి.

మందుల_అర

ఇక్కడ నేను ఒప్పుకోను. దుష్ఫలితం వస్తే ఏ మందు వల్లో తెలియాలి కదా. ముందు దురద గొడవ తేలనివ్వండి, మినాక్సిడిల్ అలవాటు కానివ్వండి, రెండు మూడు నెలల తర్వాత ఫినాస్టరైడ్. నడినెత్తి ఆ కాస్త కాలంలో ఎక్కడికీ పోదు. ఈయనకి ఇప్పటికే మందు పేరు చెబితే భయం, ఆ భయంతోనే రెండూ మొదలుపెడితే ఏ చిన్న తేడా వచ్చినా రెండూ ఆపేస్తారు.

మాడు_పరీక్ష

మిగతావాటికి క్లుప్తంగా.

బయోటిన్: లోపం ఉంటేనే పనికొస్తుంది, లోపం చాలా అరుదు. పెద్ద మోతాదులో వేసుకుంటే థైరాయిడ్ పరీక్షలు, గుండెపోటులో చూసే ట్రోపోనిన్ పరీక్ష తప్పుడు ఫలితం చూపిస్తాయి. రక్తం ఇచ్చే ముందు బయోటిన్ వేసుకుంటున్నట్టు ల్యాబ్‌లో చెప్పండి. నూనెలు జుట్టుని మెత్తబరుస్తాయి, డీహెచ్‌టీని ఆపలేవు. ఉల్లిరసం మీద జరిగిన పరిశోధన పేనుకొరుకుడుకి సంబంధించినది, దీనికి కాదు.

రోలర్: క్లినిక్‌లో చేసే సూదుల చికిత్స మినాక్సిడిల్‌కి తోడుగా కొంత ఉపయోగం చూపించింది. సూదులు గుచ్చిన రోజు మాత్రం మినాక్సిడిల్ రాయకూడదు, 24 గంటలు ఆగాలి. రంధ్రాల గుండా మందు నేరుగా లోపలికి దిగి గుండెదడ తెప్పిస్తుంది. ఇంట్లో చేసే రోలర్ సూదులు మొద్దుబారితే గుచ్చడం పోయి చర్మాన్ని చీరుతాయి. ఒకరిది ఇంకొకరు వాడకూడదు.

పీఆర్‌పీ: మీ రక్తాన్నే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని మాడులోకి ఎక్కిస్తారు. సాధారణంగా నెలకొకటి చొప్పున మూడుసార్లు, తర్వాత అప్పుడప్పుడూ. ఎంత వేగంతో తిప్పాలి, ఎంత గాఢత ఉండాలి అన్నదానికి ఒకే ప్రమాణం లేదు, అందుకే ఒకచోట ఫలితం ఇంకోచోట రాదు. మందులకి తోడుగా అయితే సరే, మందులకి బదులుగా వద్దు. లేజర్ టోపీ కూడా అంతే, హాని తక్కువ, లాభం కొద్దిగా, వారానికి మూడుసార్లు ఏళ్ల తరబడి పెట్టుకునే ఓపిక ఉండాలి.

తక్కువ మోతాదు మినాక్సిడిల్ మాత్రల గురించి మీరు అడగలేదు గానీ తెలుసుకోండి. పైన రాసేది పనిచేయాలంటే కుదుళ్లలో సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ ఎంజైమ్ ఉండాలి, అది తక్కువున్నవాళ్లకి ఎంత రాసినా ఫలితం రాదు. అలాంటివాళ్లకీ, దురద భరించలేనివాళ్లకీ కొందరు వైద్యులు రోజుకి 2.5 నుంచి 5 మి.గ్రా. మాత్ర ఇస్తున్నారు. అసలిది బీపీ మందు. కాళ్ల వాపు, గుండెదడ, ఒళ్లంతా వెంట్రుకలు పెరగడం ఉండొచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. వైద్యుడు చూడకుండా కొనుక్కుని వేసుకునేది కాదు.

ఇంకొక్కటి. ఎనిమిది వారాలు దాటాక కూడా తల నలుమూలలా ఊడుతూనే ఉంటే, దానికి రెండు మూడు నెలల ముందు పెద్ద జ్వరమో, ఆపరేషనో, ఒక్కసారిగా బరువు తగ్గడమో ఉందేమో గుర్తుచేసుకుని వైద్యుడికి చెప్పండి. అది టెలోజెన్ ఎఫ్లూవియం, అంటే ఒంటికి తగిలిన దెబ్బకి జుట్టు ఒక్కసారిగా రాలడం, లెక్క వేరు. ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ చూస్తారు. మాడు నొప్పి, మంట, నున్నగా మెరిసే మచ్చలు ఉంటే మచ్చపడే రకం బట్టతల కావచ్చు. అక్కడ కుదురు చచ్చిపోతుంది, ఆలస్యం చేస్తే తిరిగిరాదు.

గ్రాఫ్ట్_గణితం

మూడో ప్రశ్న మిగిలిపోయింది. ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటే గొడవ వదలదు, మందులు మరింత తప్పనిసరి అవుతాయి. తల వెనక నుంచి తెచ్చి నాటినవి డీహెచ్‌టీకి లొంగవు, నిలబడతాయి. వాటి చుట్టూ ఉన్న మీ పాత జుట్టు మాత్రం తన దారిన తాను ఊడుతూ పోతుంది. 28 ఏళ్లకి కణతలు నింపించుకుని మందు మానేస్తే, నలభైకి ముందొక గీత, దాని వెనక ఖాళీ నేల మిగులుతుంది.

లెక్క చూడండి. ఒక చదరపు సెంటీమీటరుకి సుమారు 40 గ్రాఫ్ట్‌లు (కుదురుతో సహా తీసిన వెంట్రుకల చిన్న గుంపులు) నాటితే చూపుకి నిండుగా ఉంటుంది. కణతలు, ముందు భాగం కలిపి 50 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే 2000. గ్రాఫ్ట్‌లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి, ఒంటి వెంట్రుకవి గీత మీద, పెద్దవి వెనక పెట్టాలి. వెనక నుంచి జీవితకాలంలో తీయగలిగింది ఎక్కువమందికి ఐదారు వేలు దాటదు. ఇప్పుడే నుదుటి గీత కిందికి దించి మూడు వేలు ఖర్చుపెట్టేస్తే, రేపు నడినెత్తికి తెచ్చేది ఎక్కణ్ణుంచి? నడినెత్తి సుడి గ్రాఫ్ట్‌లని మింగేస్తుంది, ఎన్ని పోసినా పలచగానే కనిపిస్తుంది. అందుకే అక్కడ ముందు మందే వాడి చూడాలి.

కనీసం ఏడాది మందులు వాడి, ఊడటం ఆగిందని ఫోటోల్లో తేలాక అప్పుడు సర్జన్ దగ్గరికి వెళ్లండి. వెళ్లినప్పుడు తల వెనక భాగాన్ని డెర్మోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దది చేసి చూపే పరికరం) చూడమనండి. అక్కడ కూడా సన్నబడుతున్న వెంట్రుకలు ఎక్కువుంటే ట్రాన్స్‌ప్లాంట్ చేయకూడదు, నాటినవీ ఊడిపోతాయి. గ్రాఫ్ట్‌లు తీసేదెవరు, వాటిని నాటే చీలికలు పెట్టేదెవరు, డాక్టరా టెక్నీషియనా అని సూటిగా అడగండి. వెంట్రుక ఏ కోణంలో మొలుస్తుందో నిర్ణయించేది ఆ చీలికే. రోజుకి ఎంతమందికి చేస్తారో కూడా అడగండి. తీసిన గ్రాఫ్ట్ బయట ఎండితే చచ్చిపోతుంది, చల్లని ద్రావణంలో ఉంచి త్వరగా నాటాలి, హడావుడి పడే చోట మొదట దెబ్బతినేది అదే.

పలచటి_పాపిట

ఎఫ్‌యూఈ, ఎఫ్‌యూటీ రెండింట్లో ఏది మంచిది? నాటిన జుట్టు ఎప్పటికి కనిపిస్తుంది?

గ్రాఫ్ట్_గణితం

జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకునే అలవాటుంటే ఎఫ్‌యూఈ, అంటే గ్రాఫ్ట్‌లని ఒక్కొక్కటిగా తీసే పద్ధతి. చుక్కల్లాంటి మచ్చలే ఉంటాయి, అయితే ఒకేచోట పక్కపక్కనే ఎక్కువ తీస్తే వెనక చిమ్మట కొట్టిన బట్టలా అవుతుంది. ఎఫ్‌యూటీలో ఒక పట్టీ కోసి కుట్టేస్తారు, అడ్డంగా గీత మిగులుతుంది, గ్రాఫ్ట్‌లు తీసుకునే వెనక భాగంలో మిగతాది చెక్కుచెదరదు.

నాటిన చోట పొక్కులు ఏడు నుంచి పది రోజుల్లో రాలతాయి, గీకకూడదు. రెండు నుంచి ఆరు వారాల మధ్య నాటిన వెంట్రుకలే ఊడిపోతాయి, కుదురు లోపల ఉంటుంది. పక్కనున్న పాత జుట్టు కూడా ఆపరేషన్ ఒత్తిడికి కొంత రాలొచ్చు. మూడు నాలుగు నెలలకి మొలకలు, ఏడాదికి పూర్తి రూపం, నడినెత్తి అయితే ఏడాదిన్నర వరకు. మినాక్సిడిల్ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌తో రాయించుకోండి. పచ్చి గాయం మీద రాస్తే మండటమే కాదు, మందు రక్తంలోకి ఎక్కువ వెళ్తుంది.