ఏడీహెచ్‌డీ ఉన్న బాబుకు జన్యు పరీక్ష ఉపయోగపడుతుందా?

మాది విశాఖపట్నం, మద్దిలపాలెం. బాబుకు ఎనిమిదేళ్లు. ఏడాది క్రితం ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం, ముందూవెనకా చూడని తొందరపాటు) అని నిర్ధారించారు. ఉదయం 8 గంటలకు దీనికి వాడే మందు మిథైల్‌ఫెనిడేట్ 10 మిల్లీగ్రాముల మాత్ర వేస్తున్నాం. పన్నెండు దాకా కుదురుగా ఉంటాడు, ఆ తర్వాత మళ్లీ మామూలే. మొన్న సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో బంతి వెంట అలల్లోకి పరుగెత్తాడు. మోకాలి లోతు నీళ్లలో చొక్కా పట్టుకుని లాగాను.

డాక్టరుగారు మధ్యాహ్నం రెండో మాత్ర చేర్చారు. దాంతో రాత్రి పదకొండైనా నిద్ర లేదు, అన్నం ముట్టడు. వారానికే ఆపించారు. హోంవర్కును పది నిమిషాల ముక్కలు చేశాం. గోడ మీద నక్షత్రాల పట్టిక పెట్టాం, అది రెండు వారాలే పనిచేసింది.

మా వారు కూడా చిన్నప్పుడు ఇంతేనట. (అత్తయ్య నవ్వుతూ చెబుతారు, నాకు మాత్రం నవ్వు రాదు.) కవలల అధ్యయనాల ప్రకారం ఇందులో వంశపారంపర్య ప్రభావం 70 శాతం పైనేనని, అయితే కారణం ఒక్క జన్యువు కాదని, స్వల్ప ప్రభావం చూపే ఎన్నో జన్యువులు కలిసి పనిచేస్తాయని చదివాను. ఇప్పుడొక ల్యాబువాళ్లు బుగ్గ లోపలి నమూనా తీసుకుని ఏ మందు సరిపడుతుందో చెబుతామంటున్నారు. 18 వేల రూపాయలు. డాక్టరుగారేమో "మీ ఇష్టం" అన్నారు.

ఈ పరీక్ష చేయించిన తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే చెప్పండి: ఫలితం చూశాక మీ పిల్లల మందు గానీ మోతాదు గానీ డాక్టరు నిజంగా మార్చారా?