అప్‌డేట్: పర్లాకిమిడి షాపులో క్రోమ్ ఇప్పుడు హ్యాంగ్ అవడం లేదు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా నాన్న జిరాక్స్ షాపులోని 4 జీబీ ర్యామ్ కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్ తెరిస్తే మౌస్ కూడా కదలడం లేదని, ర్యామ్ కొనాలా అని అడిగాను కదా. ముందు షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కమన్న అన్నకు చాలా థాంక్స్. అలా నొక్కితే క్రోమ్‌కు, లోపల ఏది ఎంత మెమరీ తింటుందో చూపించే సొంత టాస్క్ మేనేజర్ ఉందని తెలిసింది. మెమరీ కాలమ్ మీద క్లిక్ చేయగానే అన్నిటికన్నా పైన కనిపించింది కూపన్లు చూపించే ఒక ఎక్స్‌టెన్షన్ (క్రోమ్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్). ఎవరో కస్టమర్ వేసి ఉంటారు. తీసేశాక కంప్యూటర్ ఊపిరి పీల్చుకుంది.

తర్వాత సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్‌కి వెళ్లి మెమరీ సేవర్ ఆన్ చేశాను. వాడని ట్యాబ్‌లను అది పక్కన పెడుతుంది, మళ్లీ తెరిస్తే పేజీ రీలోడ్ అవుతుంది. అందుకే ఫారాలు నింపే సైట్లను ఎప్పుడూ యాక్టివ్‌గా ఉంచే లిస్టులో చేర్చాను. షాపులో వాడేవాళ్లు ఇది మాత్రం వదలకండి. దరఖాస్తు మధ్యలో రీలోడ్ అయితే లైన్లో నిలబడ్డవాళ్లకు ఎంత టెన్షనో చూశాను. క్రోమ్ మూసినా వెనకాల నడిచే ఆప్షన్ కూడా క్రోమ్ సెట్టింగ్స్‌లోని సిస్టమ్‌లో ఆపేశాను.

నాన్న కళ్ల కోసం పేజీ జూమ్ 125 శాతం పెట్టాను. ఆయన ఒడియా మాట్లాడతారు కానీ చదవడం కష్టం, కాబట్టి ప్రభుత్వ పేజీలు కుడి క్లిక్‌తో తెలుగులోకి మార్చుకోవడం నేర్పాను. అనువాదం అక్కడక్కడా తప్పుతుంది, పేర్లు, తేదీలు ఒడియాలోనే సరిచూసుకోవాలి.

ర్యామ్ కొనడం ప్రస్తుతానికి ఆపాం.